మైలేజ్ అంతా ఇంజన్‌లోనే లేదు

బండి ఏదైనా మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "లీటరుకి ఎంతిస్తుంది?" అదే ప్రశ్న అమెరికా, యూరప్ కార్ల గురించి అడిగితే జవాబు వెంటనే వచ్చేస్తుంది. యూరప్ వాళ్లకి ఇంజన్ చేయడం వచ్చు, అమెరికా వాళ్లకి సైజు తప్ప ఏమీ పట్టదు అని. ఈ జవాబు నాకు నచ్చదు.

ముందు యూనిట్లు చూద్దాం. బ్రిటన్ గ్యాలన్ 4.55 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.79 లీటర్లే. బ్రిటన్‌లో గ్యాలన్‌కి 40 మైళ్లు అని చెప్పే కారు అమెరికా లెక్కలో 33 మైళ్లే ఇస్తుంది. ఇది చూడకుండా పోల్చితే తేడా ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

లెక్క సరిచేశాక కూడా సగటున అమెరికా బండ్లే ఎక్కువ తాగుతాయి. నిజమే. కానీ ఫోర్డ్‌నే తీసుకోండి. అమెరికా కంపెనీ. యూరప్‌లో 1 లీటరు, మూడు సిలిండర్ల ఇంజన్‌తో ఫియెస్టా అమ్మింది. సొంత దేశంలో మాత్రం ఎఫ్-సిరీస్ పికప్‌ల మీద బతుకుతోంది. 2018లో అయితే అమెరికాలో సెడాన్లు ఆపేస్తున్నామని ప్రకటించింది కూడా. చిన్న ఇంజన్ చేయడం రాని కంపెనీ కాదు కదా!

అసలు కారణం పన్ను, చట్టం. అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్రోల్ మీద వేసే పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు. అంటే లీటరుకి సుమారు 5 సెంట్లు. 1993 నుంచి అది మారలేదు. రాష్ట్రాల పన్నులు కలిపినా యూరప్ దరిదాపుల్లోకి రాదు. యూరోపియన్ యూనియన్‌లో కనీస పన్నే లీటరుకి దాదాపు 36 యూరో సెంట్లు.

ఇక చట్టం. చమురు సంక్షోభం తర్వాత 1975లో అమెరికా మైలేజ్ చట్టం తెచ్చింది. అందులో కార్లకి ఒక రూలు, లైట్ ట్రక్కులకి ఇంకో రూలు. 2000 నాటికి కార్ల సగటు గ్యాలన్‌కి 27.5 మైళ్లు ఉండాలి, ట్రక్కులకి 20.7 చాలు. చాలా ఎస్‌యూవీలు ట్రక్కుల గాటన చేరిపోయాయి. సందు ఉన్నచోటికే కంపెనీలు వెళ్లాయి.

మనం కోడ్ రాసినా అంతే. ఏ షరతు పెడితే ప్రోగ్రామ్ దానికి తగ్గట్టే జవాబు వెతుక్కుంటుంది. మన దగ్గర 4 మీటర్ల లోపు చిన్న ఇంజన్ కార్లకి పన్ను తక్కువ. అందుకే డిక్కీ కోసేసిన సెడాన్లు వచ్చాయి. ఇప్పుడు మనకీ ఎస్‌యూవీ మోజు పెరిగింది. రేపు మన రోడ్లు ఎంత పెట్రోల్ తాగాలో ఇంజనీర్ల కంటే ముందు పన్నుల పట్టికే తేలుస్తుంది. కాబట్టి "ఎంతిస్తుంది?" అని షోరూమ్‌లో అడిగితే సరిపోదు, ఓటు అడగడానికి వచ్చినవాళ్లనీ అడగాలి.