పెద్దల సభలో పలకకూడని మాట

ఈసారి మేరీ రాబిన్సన్ గురించి రాస్తున్నాను. చాలామందికి ఆమె ఐర్లండ్ మొదటి మహిళా అధ్యక్షురాలిగా తెలుసు. 1990లో గెలిచారు. నాకు మాత్రం అంతకు ముందు ఇరవై ఏళ్ళే ముఖ్యం. 1969 నుంచి 1989 వరకు ఆమె సెనేటర్. ఆ సభలో ఆమె చాలాసార్లు ఓడిపోయారు. ఆ ఓటముల్లో, ఇంట్లో విని తెలుగు నేర్చుకున్న మనలాంటివాళ్ళకి పనికొచ్చే విషయం ఒకటి ఉందని నా అభిప్రాయం.

ముందు ఆ సభ సంగతి. ఐర్లండ్ పార్లమెంటులో రెండు సభలు. డాల్ అంటే ఇండియాలో లోక్‌సభ లాంటిది. షానడ్ అంటే రాజ్యసభ లాంటిది. తెలుగు పేపర్లలో రాజ్యసభని "పెద్దల సభ" అని రాస్తారు కదా, అదే. షానడ్‌లో 60 మంది. అందులో ఆరుగురు యూనివర్సిటీల పట్టభద్రులు ఎన్నుకున్నవాళ్ళు. డాల్ పాస్ చేసిన బిల్లుని షానడ్ కొన్నాళ్ళు ఆలస్యం చేయగలదు, ఆపలేదు. 2013లో ఈ సభే అవసరమా అని రెఫరెండం పెట్టారు. 51.7 శాతం ఓట్లతో, గండం గడిచినట్టు బతికింది.

అలాంటి పెద్దల సభలోకి 25 ఏళ్ళ రాబిన్సన్ వెళ్ళారు. అప్పటికే ఆమె ట్రినిటీ కాలేజీలో లా ప్రొఫెసర్.

అప్పటి చట్టాలు చూడండి. 1935 చట్టం ప్రకారం పిల్లలు పుట్టకుండా వాడే వస్తువులు అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. 1929 చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. వాటిని వాడమని చెప్పే పుస్తకం కూడా అచ్చు వేయకూడదు. అంటే వస్తువు కంటే ముందు మాటని నిషేధించారు.

మరి జనం ఏం చేశారు? 1960ల్లో డాక్టర్లు గర్భనిరోధక మాత్రలు రాసేవారు. కానీ వాటిని "నెలసరి సరిచేసే మందు" అనేవారు. మందు అదే, పేరు వేరు. పేరు మారితే చట్టం కళ్ళు మూసుకునేది.

1971లో రాబిన్సన్ ఆ పాత చట్టాలను మార్చాలని ఒక బిల్లు తెచ్చారు. ఆమెతోపాటు జాన్ హొర్గన్, ట్రెవర్ వెస్ట్ సంతకం చేశారు. ముగ్గురూ యూనివర్సిటీ సెనేటర్లే. బిల్లు మొదటి మెట్టు మామూలుగా లాంఛనం. సభ సరే అంటే బిల్లు అచ్చవుతుంది, తర్వాత చర్చ. ఆ జూలైలో సభ ఆ మొదటి మెట్టే ఎక్కనివ్వలేదు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఓటు బిల్లు మంచిదా, చెడ్డదా అని కాదు. దాన్ని కాగితం మీద చూడాలా, వద్దా అని.

బయట పరిస్థితి ఇంకా కష్టం. ఆ ఏడాది మార్చిలోనే డబ్లిన్ ఆర్చ్‌బిషప్ మెక్వేడ్ చర్చిల్లో ఒక ఉత్తరం చదివించారు. అలాంటి చట్టం వస్తే దేశానికి శాపం అని దాని అర్థం. రాబిన్సన్‌కి తిట్లతో ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. వాటిని కాల్చేశామని ఆమే తర్వాత చెప్పారు.

ఆమె ఆగలేదు. 1973లో ఇంకో బిల్లు తెచ్చారు. ఈసారి అది అచ్చయింది. 1974లో సభలో చర్చ జరిగింది. ఓడిపోయింది. కానీ 1971లో కాగితం మీదికి రానివ్వని విషయం గురించి ఇప్పుడు సభ్యులు లేచి నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. వద్దు అన్నవాళ్ళు కూడా ఆ మాట పలకాల్సి వచ్చింది! నా లెక్కలో అది సగం గెలుపు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: చట్టాన్ని నిజంగా మార్చింది సెనేటరా? న్యాయమైన ప్రశ్న. 1971 మే నెలలో కొందరు ఆడవాళ్ళు రైల్లో బెల్‌ఫాస్ట్ వెళ్ళి, నిషేధించిన వస్తువులు కొని, డబ్లిన్ స్టేషన్‌లో అందరి ముందూ చూపించారు. 1973లో మేరీ మెక్‌గీ అనే నలుగురు పిల్లల తల్లి సుప్రీం కోర్టులో గెలిచారు. ఇంకో కాన్పు ప్రాణానికి ప్రమాదం అని డాక్టర్ చెప్పినా, ఆమె తెప్పించుకున్న మందుని కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారు. భార్యాభర్తల గోప్యత వాళ్ళ హక్కు అని కోర్టు చెప్పింది. అయినా 1974లో ప్రభుత్వం సొంత బిల్లు తెస్తే, ప్రధానమంత్రి లియమ్ కాస్‌గ్రేవ్ తన ప్రభుత్వానికే వ్యతిరేకంగా ఓటు వేశారు. 1979లో డాక్టర్ చీటీతో దొరికేలా చట్టం వచ్చింది. 1985లో 18 ఏళ్ళు దాటినవాళ్ళకి చీటీ లేకుండా కండోమ్‌లు కొనే హక్కు వచ్చింది.

అవును, రాబిన్సన్ ఒక్కరే చేయలేదు. వీధి కేకలు వేసింది, కోర్టు తీర్పు ఇచ్చింది. కానీ చట్టం రాసే చోట ఎవరో ఒకరు ఆ మాటని మామూలు గొంతుతో, మామూలు పనిలా పలకాలి. ఆమె చేసింది అదే.

ఇప్పుడు మన ఇళ్ళకి వద్దాం. తమాషా ఏమిటంటే, అదే రోజుల్లో ఇండియాలో ప్రభుత్వం గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మ వేయించింది, నిరోధ్‌ని చవగ్గా అమ్మించింది. అక్కడ మాట మీద నిషేధం లేదు. అయినా ఆ మాట గోడ మీద నుంచి మా ఇంట్లోకి రాలేదు.

కొత్తగా ఇక్కడికి వచ్చిన మా పిన్నితో నేను ఒకసారి హాస్పిటల్‌కి వెళ్ళాను. ఇంగ్లీషుకి, తెలుగుకి మధ్య నేను. ఆఖరి నెలసరి ఎప్పుడని డాక్టర్ అడిగారు. "పిన్నీ, ఎప్పుడు దూరంగా ఉన్నావు?" అని అడిగాను. మా ఇంట్లో విన్న మాట అదే. పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. తర్వాత ప్రశ్న: గర్భం రాకుండా ఏమైనా వాడుతున్నారా? దానికి మా ఇంట్లో మాటే లేదు. "ఆపరేషన్" ఉంది. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఎక్కువగా ఆడవాళ్ళ ఆపరేషనే కాబట్టి ఆ ఒక్క మాట అందరికీ తెలుసు. మాత్రలు, లూపు, ఇంకో దారి అని అడగాలంటే పిన్ని, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నీళ్ళోసుకుంది", "కడుపుతో ఉంది" లాంటి మాటలు నాకు చాలా ఇష్టం. వాటిని వదలమని అనడం లేదు. కానీ డాక్టర్ ముందు సిగ్గు మాటలు సరిపోవు. నెలసరి, గర్భనిరోధక మాత్రలు, గర్భస్రావం, విడాకులు. వీటిని కూరగాయల పేర్లు నేర్చుకున్నట్టే మనం నేర్చుకోవాలి. మన పాఠాల్లో వంకాయ ఉంది, బెండకాయ ఉంది, ఇవి లేవు.

ఇంకో సంగతి. ఉన్న మాటలన్నీ మంచివి కావు. పెళ్ళి కాని తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల హక్కుల కోసం కూడా రాబిన్సన్ వాదించారు. 1987లో ఐర్లండ్ చట్టం అలాంటి పిల్లలను వేరుగా చూడడం మానేసింది. తెలుగులో ఇంకా "అక్రమ సంతానం" అని రాస్తారు. పుట్టిన పిల్ల చేసిన అక్రమం ఏమిటి? నేర్చుకుంటున్నవాళ్ళం కాబట్టి మనకి ఒక సౌకర్యం ఉంది. ఏ మాట అలవాటు చేసుకోవాలో, ఏది వద్దో ఇప్పుడే ఎంచుకోవచ్చు.

పెద్దవాళ్ళతో గొడవ పడమని నేను చెప్పడం లేదు. రాబిన్సన్ కూడా సభని తిట్టలేదు. లాయర్‌లా నెమ్మదిగా, సూటిగా మాట్లాడారు. వద్దంటే మళ్ళీ వచ్చారు. 1990లో గెలిచాక, ఊయల ఊపే బదులు ఐర్లండ్ ఆడవాళ్ళు వ్యవస్థనే ఊపారని అన్నారు. చూడండి, "ఊపు" అన్న మాట తెలుగులో కూడా ఎంత చక్కగా కుదిరిందో.

ఈ వారం మీ అమ్మనో, అత్తయ్యనో, అమ్మమ్మనో ఒక మాట అడగండి: "పిల్లలు ఇప్పుడే వద్దు అనుకుంటే మీ రోజుల్లో ఏం చేసేవారు? దాన్ని ఏమనేవారు?" మొదటిసారి టాపిక్ మార్చేస్తారు. ఇంకోసారి అడగండి. వాళ్ళు చెప్పిన మాట ఇక్కడ కింద రాయండి, ఏ ఊరి మాటో కూడా రాయండి.