అంటించడం సులువే!

చలికాలమంతా గరాజ్‌లో ముసుగుతన్ని పడుకున్న మోటార్‌సైకిళ్ళు ఏప్రిల్ వచ్చేసరికి రోడ్డెక్కుతాయి. అప్పుడే కంట పడతాయి, ఎప్పుడో సరదాపడి అంటించిన ట్యాంకు ప్యాడ్లు, మోకాలి పట్టీలు, మెరుపు టేపులు. ఎండకి బిరుసెక్కి, అంచులు లేచి, బండికి పెచ్చులు కట్టినట్టుంటాయి.

స్క్రూడ్రైవరుతో పీకితే పోవా అంటారేమో! పోతాయి, వాటితోపాటు రంగూ పోతుంది. జిగురు బలానికి లొంగదు, వేడికి లొంగుతుంది. ప్లాస్టిక్ భాగాల మీదైతే హెయిర్ డ్రయ్యర్ చాలు. చెయ్యి ఓర్చుకునే వేడి మించకూడదు. ట్యాంకు దగ్గర మాత్రం డ్రయ్యర్ వద్దే వద్దు. పెట్రోలు ఆవిరికి ఎర్రగా కాలే తీగ ఒక్కటి చాలు, కొంప ముంచడానికి. బండిని ఆరుబయట పెట్టి, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు కప్పండి.

దళసరి ఫోమ్ టేపు కిందికి పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగండి. పల్చటి స్టిక్కరైతే వెనక్కి మడిచి, తాపీగా లాగాలి. మిగిలిన జిగురుని బొటనవేలితో ఉండలు చుట్టి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. అసిటోన్ జోలికి పోకండి, రంగునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది.

ఊపులో ఉన్నాం కదా అని అన్నీ పీకెయ్యకూడదు. పక్కల ఉండే నారింజ, ఎరుపు రిఫ్లెక్టర్లు అలంకారం కాదు. అమెరికా ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం కంపెనీ వాళ్ళు పెట్టినవి. చీకట్లో కారువాడికి మనం కనపడేది వాటివల్లే. ఫ్రేము మీది నంబరు పట్టీ కూడా ముట్టుకోకండి. హెల్మెట్ స్టిక్కర్లకి ఘాటైన ద్రావకాలు వాడితే పైకి కనపడకుండానే చిప్ప బలహీనపడుతుంది.

నా ఎర్ర బండి మీద చివరికి ఒక్కటి మిగిలింది. బండి మానెయ్యమంటే నేను విననని తెలిసి, అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు తన చేత్తో ట్యాంకు మీద అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు. సగం చిరిగి, రంగు వెలిసిపోయింది. "దేవుణ్ణి గోళ్ళతో గీకుతారా?" అని మా ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది. తువ్వాలు నాలుగుసార్లు మార్చాను. ముక్క చెదరకుండా చేతికొచ్చింది. పూజగదిలో అమ్మ ఫొటో పక్కన పెట్టాం.

ట్యాంకు మీద అంతమేర కొన్ననాటి ఎరుపు అలాగే ఉంది, వెలిసింది చుట్టూ రంగే. పాలిష్ పెడితే ఆ తేడా కొంత తగ్గుతుంది. నేను పెట్టలేదు.