కొండదారి ఒకరి వాకిలి

మన సంఘపు కుటుంబములలోని యువకులు కొందరు, రానున్న సెలవులలో నాలుగైదు జీపులు కూర్చుకొని, సిత్తేరి కొండలలోని మట్టిదారుల వెంట రెండు దినములు తిరిగి రావలెనని తలపెట్టిరి. ఈ మాట కంబైనల్లూరులో పొక్కినది మొదలు పెద్దలలో రెండు పక్షములు బయలుదేరినవి. "డబ్బెక్కువైన పిల్లల ఆటలివి, మాన్పింపుడు" అనువారు కొందరు. "వయసులో ఉన్నవారు పోక మనము పోవుదుమా, పోనిండు" అనువారు మరికొందరు. ఈ రెంటిలో దేనితోను నేను ఏకీభవింపజాలకున్నాను. పిల్లలు పోవలెనా, మానవలెనా యని తర్కించుటకు ముందు, వారు ఎవరి దారిన పోవుచున్నారో, ఎవరి నడిగి పోవుచున్నారో ఆలోచించినవారు ఇరుపక్షములలోను నాకు కానరాలేదు.

మొదట యువకుల పక్షమున చెప్పవలసినది చెప్పెదను. రాళ్ళదారిలో జీపు నడపుట అల్పవిద్య కాదు. మెరక ఎక్కునపుడు నాలుగు చక్రములకును బలము నందించు గేరు వేసి, ఇంజనును తొందరపెట్టక మెల్లగా ఎక్కింపవలెను. దిగునపుడు బ్రేకునే నమ్ముకొన్నచో చక్రములు బిగిసి బండి జారును; చిన్న గేరులో నుంచి ఇంజను పట్టుతోనే దింపవలెను. ఏటవాలున బండిని అడ్డముగా త్రిప్పినచో అది దొర్లిపోవును. ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గించినచో అవి పరచుకొని నేలను పట్టును. తారురోడ్డు చేరగానే మరల గాలి నింపవలెను. నీరు పారుచోట ముందుగా ఒకరు దిగి కర్రతో లోతు చూడవలెను. ఒక బండి మెరక దాటువరకు రెండవ బండి క్రిందనే ఆగవలెను. ముందు బండిలో దారి తెలిసినవాడును, కడపటి బండిలో మరమ్మతు తెలిసినవాడును ఉండవలెను. అందరికంటె వెనుకబడినవాని వేగమే అందరి వేగము కావలెను.

ఈ కడపటి నియమము మన పూర్వులకు క్రొత్త కాదు. ఎడ్లబండ్ల బారు కట్టి కనుమలు దాటిన కాలమున ఒక బండి ఇరుసు విరిగినచో తక్కిన బండ్లన్నియు ఆగవలసినదే. ఒంటరిగా గదిలో కూర్చుండి చేతిలోని ఫోనులో లోకమును చూచు నేటి కుర్రవాండ్రు, పదిమంది కలసి ఒక బండిని బురదనుండి లాగుట నేర్చుకొన్నచో దానిని నేను దురలవాటు అనను. కావున వారి ఉత్సాహమును వెక్కిరించుట నా ఉద్దేశము కాదు.

ఇక దారి సంగతి. సిత్తేరికి బస్సు పోవు మార్గము కలదు. అచటినుండి విడివిడిగానున్న పల్లెలకు పోవునవి అధికభాగము మట్టిదారులు, కాలిబాటలు. ఆ పల్లెలలో నుండువారు మలయాళి యను గిరిజనులు. ఈ పేరునుబట్టి వారిని కేరళీయులని భ్రమపడరాదు. మల యనగా కొండ, వీరు కొండవారు, మాటలాడునది తమిళము. తమ పూర్వులు కాంచీపురమునుండి వచ్చి ఈ కొండలెక్కిరని వారు తరతరములుగా చెప్పుకొందురు. అనగా వారును మనవలెనే ఒకచోటినుండి వచ్చి మరియొకచోట వేరు పారినవారు. తేడా యేమనగా, మనకు క్రింది నేలయు బజారును దొరకినవి. వారికి కొండ దొరకినది.

ఆ కొండల అడుగునున్న వాచాత్తి గ్రామము పేరు మన జిల్లాలో వినని వారుండరు. 1992 జూన్ 20వ తేదీన, చందనపు కలప వెదకుటకని అటవీ, పోలీసు, రెవిన్యూ శాఖల ఉద్యోగులు మందగా వచ్చి ఆ ఊరిపై పడి చేసిన అత్యాచారములు వ్రాయుటకు కలమాడదు. 2011లో ధర్మపురి న్యాయస్థానము 269మంది నిందితులలో అప్పటికి జీవించియున్న 215మందిని దోషులని తేల్చెను. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. న్యాయము వచ్చుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టినది. అట్టి సీమలో ఒకనాటి ఉదయమున, చెప్పాపెట్టక, అయిదు జీపులు దుమ్ము లేపుకొని ఊరి నడుమకు వచ్చినచో, ముంగిట కూర్చున్న ముసలమ్మకు ఏమి తలపునకు వచ్చునో మన పిల్లలు ఒక్కసారి ఊహింపవలెను. వారి మనసులో కీడు లేదని నాకు తెలియును. ఆ ముసలమ్మకు ఎట్లు తెలియును?

మనకు వినోదమైన కరకుదారి వారికి వేరొక మార్గము లేని దారి. పెన్నాగరం ప్రక్కనున్న కోట్టూరుమలకు ఎన్నికల వేళ ఓటింగు యంత్రములను గాడిదలపై మోయించుటను గూర్చి 2019లోను, 2021లోను, 2024లోను పత్రికలలో చదివితిమి. వేలూరు జిల్లా అల్లేరి కొండలలో 2023 మే నెలలో పాము కరచిన పసిబిడ్డ, దారి సరిగా లేక ఆసుపత్రికి చేరులోపలనే మరణించెను. వాహనము ముందుకు పోజాలక ఆపివేయగా తల్లి ఆ బిడ్డ శవమును చేతులపై మోసికొని కొండ యెక్కవలసి వచ్చెను. మన తెలుగునాట అల్లూరి సీతారామరాజు జిల్లాలో డోలీమోత యను మాట నేటికిని పత్రికలనుండి తొలగిపోలేదు. నిండు గర్భిణులను గుడ్డ ఉయ్యాలలో కర్రకు వ్రేలగట్టి మోసికొనిపోవుచున్నారు. అచటి గిరిజన పల్లెలకు రోడ్లు వేయుటకై 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "అడవితల్లి బాట" యను కార్యక్రమము ప్రారంభింపవలసి వచ్చెను. రోడ్డులేమి ఒకరికి ప్రాణాపాయము, మరియొకరికి సెలవుదినపు సరదా. ఈ రెండును ఒకే దారిమీద కలసికొనునపుడు ఎవరు తప్పుకొనవలెనో చెప్పుటకు శాస్త్రము చదువనక్కరలేదు.

తప్పుకొనుట యేల, దారి అందరిదియే గదా యని యువకులు అడుగవచ్చును. మట్టిదారి స్వభావము తెలిసినచో అట్లడుగరు. తడినేలపై చక్రము గిరగిర తిరిగినచో పైమట్టి లేచిపోయి గాడి పడును. తరువాతి వానకు కొండనీరు తనకొక కాలువ దొరకినదని ఆ గాడి వెంటనే పారును. రెండవ వానకు గాడి గండి యగును. మూడవ వానకు అందు రాళ్ళు తేలి సైకిలు గాని, మోటారుసైకిలు గాని, మోతగాడి కాలు గాని నిలువదు. ఒక్క బండి చేసిన దానిని వెనుక వచ్చు నాలుగు బండ్లు నాలుగింతలు చేయును. ఆ పూట మనము ఇంటికి వచ్చి బురద కడిగికొందుము. ఆ గండి మాత్రము మరల ఎవరో పూడ్చువరకు అచటనే యుండును.

ఇది నేను పుస్తకమున చదివిన మాట కాదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేనును నలుగురు మిత్రులును ఒక పాత జీపును అద్దెకు తీసికొని, కార్తికమాసపు జల్లులలో మన జిల్లాలోని ఒక కొండ యెక్కితిమి. ఒక మలుపున బండి కూరుకొనిపోగా, రెండు గంటలు ఇంజను అరపించి, దారిని దున్నిన పొలమువలె చేసి, ఎట్లో బయటపడితిమి. అది మాకు ఆనాడు గొప్ప విజయము. మరునాడు దిగివచ్చునపుడు అదే మలుపున ఒక వృద్ధుడును అతని మనుమడును బుట్టలతో రాళ్ళు మోసి మా గాడి పూడ్చుచుండిరి. నేను సిగ్గుపడి డబ్బు తీయబోగా ఆ వృద్ధుడు చేయి అడ్డముపెట్టి, "సంతకు కాయలు దించవలెనయ్యా, ఎల్లుండి మంగళవారము" అని మాత్రము చెప్పి మరల రాయి నెత్తికెత్తుకొనెను. అతడు తిట్టియున్నచో నేను ఈపాటికి మరచియుందును. మేము జీపు దిగి ఒక్క బుట్ట రాయియైన మోయలేదు. ఆ సంగతియే నేటికిని నన్ను బాధించుచున్నది.

చట్టము సంగతియు చెప్పవలెను. మన కొండలలో చాలభాగము రక్షితారణ్యము. అందు అనుమతి లేక ప్రవేశించుట నేరము. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో 686 చదరపు కిలోమీటర్ల మేర 2022లో దక్షిణ కావేరి వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. అది ఏనుగులు తిరుగు సీమ. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండలలో కాలినడకన పోయిన విహారబృందములు కార్చిచ్చులో చిక్కి ఇరువదిమందికి పైగా మరణించిన పిమ్మటనే తమిళనాడు ప్రభుత్వము కొండనడకకు నియమములు చేసినది. 2025 జూలైలో మున్నారు చెంత విహారజీపు లోయలో పడి ఒకరు మరణింపగా ఇడుక్కి జిల్లా కలెక్టరు జీపు విహారములను కొంతకాలము నిలిపివేసిరి. తెలంగాణములో వికారాబాదు చెంత అనంతగిరి అడవిలో 2023 స్వాతంత్ర్యదినమున కొందరు కార్లతో పందెములాడి, స్వాతంత్ర్యమునకు తామిచ్చు అర్థమేమో లోకమునకు చూపిరి. అట్టి వార్తలో మన పిల్లల పేర్లు చూడవలసిన దినము రాకూడదు.

ఒక ఆక్షేపణ కలదు. "మేము పోయినచో కొండవారికి నాలుగు డబ్బులు దొరకును గదా" యని. మంచిదే, కాని బియ్యము, నీళ్ళసీసాలు, మిఠాయిలు అన్నియు క్రిందనే కొని, పైన ఖాళీ సీసాలు మాత్రము వదలివచ్చు బృందమువలన ఎవరికేమి దొరకును? డబ్బు నిజముగా వారికి చేరవలెనన్నచో దారి చూపువాడు ఆ ఊరివాడు కావలెను, వంట ఆ ఊరి యింట కావలెను, కూలి ముందుగా మాటాడి ముట్టజెప్పవలెను.

కావున మన సంఘము ఈ యాత్రను నిషేధింపరాదు. దీనికి ఒక పద్ధతి కల్పింపవలెను. నాకు తోచిన పద్ధతి ఇది. యాత్రకు పక్షము ముందుగా ఇద్దరు బస్సులో సిత్తేరికి పోయి, పల్లెపెద్దలను కలసి, ఏ దారి పనికివచ్చునో, ఏది కూడదో అడిగి రావలెను. వారు వలదన్న దారి వదలుకొనవలెను. అన్నియు వలదన్నచో యాత్రయే మానవలెను. అటవీశాఖ అనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. ఈశాన్యపు వానలు వెలిసి నేల గట్టిపడిన పిదప, వేసవిలో అగ్నిభయము మొదలుకాక ముందు, అనగా సంక్రాంతి తరువాతి వారములలో పోవలెను. నాలుగు బండ్లకు మించరాదు. వాగు నడుమ బండి నడపరాదు. మద్యము, పాటలపెట్టెలు వెంటరాకూడదు. ప్రతి బండిలోను గునపము, పార, రెండు బుట్టలు ఉండవలెను. మన చక్రము త్రవ్విన గాడిని మన చేతులే పూడ్చి గాని ఆ చోటు కదలరాదు. ఎదురుగా మోతగాడు గాని, పశువు గాని, రోగిని తెచ్చు బండి గాని వచ్చినచో, ఎంత మెరకమీదనున్నను మన బండియే వెనుకకు జరుగవలెను.

అడిగి తెలిసికొనుట ఈ సీమకు పరాయి పద్ధతి కాదు. 1792లో బారామహలు కుంపిణీ వశమైన పిదప, రీడు దొర క్రింద పనిచేసి ధర్మపురిలో కాపురమున్న థామస్ మన్రో, మధ్యవర్తులను నమ్మక రైతునే అడిగి శిస్తు కట్టు పద్ధతిని ఇచటనే అలవరచుకొనెను. తరువాత దత్తమండలములలో తెలుగు రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నది ఆ దొరను తలచియే. ఏలవచ్చిన దొరయే అడిగి తెలిసికొనగా, విహరింపవచ్చిన మనకు అడుగుట నామోషీ యగునా?

కడపట మనవారికి ప్రత్యేకముగా ఒక మాట. నందికొండలలో పుట్టిన రెండు పినాకినులలో ఒకటి నెల్లూరికి పోగా, మరియొకటి మన సీమకు వచ్చినది. దానివలెనే మనమును ఇటు వచ్చి, ఇచటివారి మన్నన పొంది, ఇంట తెలుగును బజారున తమిళమును నిలుపుకొని ఇన్ని తరములు గడపితిమి. మనము వారిని అడిగి కూర్చుంటిమి. వారు మనలను కూర్చుండనిచ్చిరి. సంఖ్యలో తక్కువవారి మర్యాద ఎంత సులభముగా చెడునో మనకంటె ఎరిగినవారు లేరు. రేపు సిత్తేరిలో ఒక దారి చెడినచో "జీపులవారు చెడగొట్టిరి" అనరు, "కంబైనల్లూరు తెలుగువారి పిల్లలు చెడగొట్టిరి" అందురు. ఆ దారిని పూడ్చి వచ్చినచో అదియు మన పేరనే చెప్పుకొందురు.

పిల్లలు ఒప్పుకొన్నచో, ముందుగా పల్లెపెద్దలను కలియబోవు ఆ ఇద్దరిలో ఒకడుగా నేను వచ్చెదను. నా మోకాళ్ళు జీపు కుదుపులకు ఓర్వవు గాని బస్సెక్కుటకు చాలును.