మెడ గడ్డకు సూది పరీక్ష: ఎంతవరకు నమ్మాలి?

"మెడ మీది గడ్డకు సూది పెట్టిస్తే క్యాన్సర్ లేస్తదంట కదా?" షోలాపూర్‌లో మన గల్లీల్లో బీడీలు చుట్టే అక్కలు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇదే. దవాఖానకు తోడు పోయి, ఇంగ్లీషు రిపోర్టులు చదివి చెప్పేదాన్ని కాబట్టి ఈ నెల దీని గురించే రాస్తున్నాను.

సూది వల్ల మామూలు గడ్డ క్యాన్సర్ కాదు. రక్తం తీసే సూది కంటే సన్నని సూదితో గడ్డలోంచి కాస్త కణాలు తీసి, గాజు స్లైడు మీద పరిచి చూస్తారు. కొద్ది నిమిషాల పని. థైరాయిడ్ గడ్డల్లో నూటికి 90 దాకా క్యాన్సర్ కానివే. ఏది కోయాలో, ఏది వదిలేయాలో ముందే తేల్చుకోవడానికే ఈ పరీక్ష.

రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 దాకా ఒక నంబరు ఉంటుంది. 2 అంటే మామూలు గడ్డ. అలాంటి వంద మందిలో ముగ్గురు నలుగురికి మించి క్యాన్సర్ బయటపడదు. 6 అంటే దాదాపు ఖాయంగా క్యాన్సరే. 5 అంటే గట్టి అనుమానం. 3, 4 వస్తే సూది ఒక్కటే తేల్చలేదు. పోగు చూసి రంగు చెప్తాం గానీ, అంచు తెగిందా లేదా అంటే చద్దర్ విప్పి చూడాల్సిందే కదా! 4 నంబరు గడ్డ కూడా అంతే. అది తన పొరను దాటిందో లేదో కోసి తీశాకే తెలుస్తుంది.

1 నంబరుతోనే అసలు మోసం. అంటే "రోగం లేదు" అని కాదు, కణాలు చాలలేదని. మా గల్లీలో ఒకామె అది చూసి, గండం గడిచిందని రిపోర్టు పెట్టెలో పెట్టేసింది. ఏడాదికి మళ్లీ సూది పెడితే 6 వచ్చింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ ఏడాది ఊరికే పోయింది.

కాబట్టి ఆపరేషన్ అనగానే అడగండి: "సూది పరీక్ష అయిందా డాక్టర్‌గారూ? నంబరెంత? స్కానింగ్‌లో చూస్తూ తీశారా?" గ్రంథి మొత్తం తీసేస్తే బతికినన్నాళ్లూ రోజూ గోలీ వేసుకోవాలి, అందుకే అడగడం మన హక్కు. గడ్డ పెద్దదై గొంతు నొక్కుతుంటే మాత్రం 2 వచ్చినా కోయాల్సి రావచ్చు.

2 వచ్చినవాళ్లు కూడా డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ స్కానింగ్ చేయించుకోండి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా గడువు దాకా ఆగొద్దు. ఆ రోజు కూలీ పోతే పోనీయండి.