ఇంట్లో ఉండే చెప్పిన మాట

2013 డిసెంబరు 11న, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377ను మళ్లీ నిలబెడుతూ సుప్రీంకోర్టు చూపిన కారణాల్లో తలల లెక్క ఒకటి. దేశ జనాభాలో స్వలింగ ప్రేమికులు అతి కొద్దిమందేననీ, నూటయాభై ఏళ్లలో ఈ సెక్షన్ కింద విచారణకెక్కినవాళ్లు రెండు వందల మంది కూడా లేరనీ అంది. లెక్కకు రమ్మంటే ఎవరొస్తారు? ‘నేనున్నాను’ అని చెయ్యెత్తితే అది నేరం ఒప్పుకున్నట్టే అయిన రోజులవి.

అయినా చేతులు లేచాయి. 2018 మేలో ఐఐటీల్లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఇరవై మంది సొంత పేర్లతో అదే కోర్టుకెక్కారు. ఐఐటీ అంటే తెలుగిళ్లలో ఎంత మోజో కొత్తగా చెప్పాలా? ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సుకు ఫీజు కట్టే తండ్రికి, ర్యాంకర్ల ఫొటోలున్న ఫ్లెక్సీల కింద నడిచి పెరిగిన పిల్లలకు ఆ పిటిషన్‌దారులు పరాయివాళ్లుగా కనిపించే వీల్లేదు. ‘మావాడు కూడా అలా అవ్వాలి’ అని ఎవరిని చూసి అనుకుంటారో వాళ్లే వీళ్లు. ఆ సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ నేరముద్రను తుడిచేసింది. ఇదంతా ఆ ఇరవై మంది చలవే అనను. అంతకుముందు ఏళ్ల తరబడి సాగిన న్యాయపోరాటం ఉంది, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 నాటి తీర్పు ఉంది. కానీ ‘అతి కొద్దిమంది’ అన్న మాటకు జవాబు చెప్పినవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

కంటికి కనిపిస్తే చాలు జనం మారిపోతారని తరచూ వింటుంటాం. అదే నిజమైతే హిజ్రాలను చూసి మనం ఎప్పుడో మారి ఉండాలి. రైళ్లలో, సిగ్నళ్ల దగ్గర, కొత్త దుకాణం తెరిచిన చోట వాళ్లు తరతరాలుగా కనిపిస్తూనే ఉన్నారు. దానికి దక్కిన ఫలం నిజాం ఏలుబడిలో వచ్చిన 1329 ఫసలీ చట్టం. వాళ్ల పేర్లు, చిరునామాలు పోలీసు రిజిస్టరుకెక్కించమంది. చీర కట్టి వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో, అంటే నిన్నగాక మొన్న. వాళ్లను చూసినవాళ్లు ఎందుకు మారలేదు? చాలామందిని ముందే ఇంట్లోంచి గెంటేశారు కాబట్టి. గడప దాటించాక కనబడే మనిషి మనవాడు కాడు, ఊళ్లోవాళ్లకు వినోదం లేదా భయం, అంతే. గే యువతీయువకుల వల్ల అభిప్రాయాలు మారుతున్నాయంటే, వాళ్లు ఆ గడప లోపల ఉండి మాట్లాడుతున్నందుకే అని నా వాదన.

ద్యుతీ చంద్ సంగతే చూడండి. ఒడిశా జాజ్‌పూర్ జిల్లాలో నేతపని చేసే ఇంట పుట్టిన పిల్ల, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర పరుగు నేర్చుకుంది. 2019 మేలో తన ఊరి అమ్మాయినే ప్రేమిస్తున్నానని బయటపెట్టింది. అక్క బాహాటంగా ఎదురు తిరిగింది. ద్యుతీ మాత్రం ట్రాకును వదల్లేదు. రెండు నెలలు తిరక్కుండా నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం తెచ్చింది. తర్వాత 2023లో డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది. దాన్ని ఇక్కడ దాచిపెట్టడం నాకిష్టం లేదు. బయటపడిన ప్రతి గే మనిషీ మచ్చలేని ఆదర్శమూర్తిగా బతకాలనడం కూడా ఒక రకం శిక్షే.

అసలు పని స్టేడియంలో కంటే వంటింట్లో ఎక్కువ జరుగుతుంది. ‘ఇరవై ఎనిమిదొచ్చాయి, ఇంకా సంబంధాలు చూడట్లేదేం వదినా?’ అని ఆడపడుచు అడుగుతుంది. కొడుకు చెప్పిన రాత్రి ఆ తల్లి మొదట అనేది ‘చెల్లెలి పెళ్లయ్యే దాకా ఎవరితోనూ అనకురా’ అనే. అప్పటిదాకా కొడుకు ఒక్కడూ మోసిన రహస్యం ఆ రాత్రి నుంచి తల్లి మీదా పడుతుంది. కొంతమంది తల్లులు అక్కడే ఆగిపోతారు. కొంతమందికి మాత్రం ఏడాదికో రెండేళ్లకో పెళ్లి భోజనాల బంతిలో ఎవరో వేసిన వెకిలి జోకు గుచ్చుకుంటుంది, ‘ఇక చాల్లే’ అంటారు. ఆ ఒక్క మాట చేసే పని ఉపన్యాసాల వల్ల కాదు. 2023 ఏప్రిల్‌లో ‘స్వీకార్’ అనే తల్లిదండ్రుల బృందం, నాలుగు వందల మందికి పైగా, మా పిల్లల పెళ్లిళ్లకు గుర్తింపు ఇవ్వండని ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. పిల్లలు ముందు చెప్పకపోతే ఆ లేఖ మీద సంతకాలు ఎక్కడివి?

ఆ పెళ్లిళ్ల గుర్తింపు కోసం సుప్రీంకోర్టులో నడిచిన కేసులో మొదటి పిటిషన్‌దారులు హైదరాబాద్‌లో కాపురముంటున్న సుప్రియో, అభయ్. 2021 డిసెంబరులో నగర శివార్లలో బంధుమిత్రుల నడుమ వేడుక చేసుకున్న జంట. 2023 అక్టోబరు 17న కోర్టు వాళ్ల పెళ్లిని గుర్తించడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది ప్యూ సంస్థ సర్వేలో మన దేశంలో 53 శాతం మంది ఇలాంటి పెళ్లిళ్లకు చట్టబద్ధత ఉండాలన్నారు. ఈ అంకెను నేను పూర్తిగా నమ్మను. సర్వే మనిషికి ఔనన్న పెద్దమనిషి సొంత కూతురి విషయంలో ఏమంటాడో వేరే సంగతి. ఇల్లు అద్దెకిమ్మన్నప్పుడు ఏమంటాడో అది ఇంకో సంగతి.

అందుకే ‘ధైర్యంగా బయటికి రండి’ అని పిల్లలకు బోధించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. చేతిలో ఉద్యోగం, పేరున్న డిగ్రీ ఉన్నవాళ్లకు దెబ్బ తగిలినా నిలదొక్కుకునే చోటు ఉంటుంది. జిల్లా కేంద్రంలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే కుర్రాడికి నాన్న ఫీజు ఆపేస్తే చదువే ఆగిపోతుంది. వాడు నోరు విప్పకపోవడం పిరికితనం కాదు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో హాస్టల్లో ఎల్‌జీబీటీ విద్యార్థులకు గదులు కేటాయించింది. అంత చేయలేని కాలేజీల చేతిలోనూ ఒక నిబంధన ఉంది. లైంగిక అభిరుచిని బట్టి తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా ర్యాగింగేనని యూజీసీ 2016లోనే సవరణ తెచ్చింది. ప్రిన్సిపాళ్లు దాన్ని తెలుగులో రాయించి హాస్టల్ మెస్ గోడకు అంటించడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు.