చక్కెర వ్యాధి - కంటి ఫోటో - కంప్యూటరు

క్రిందటి నెలలో మా ఆస్పత్రి ఓ.పి.కి రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు వచ్చారు. వయస్సు అరవై రెండు. చక్కెర వ్యాధి బయటపడి పద్నాలుగేళ్లయింది. చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన పేపరు ముక్క ఒకటి తీసి నా బల్ల మీద పరిచారు. కంటి లోపలి భాగం ఫోటో తీస్తే చాలు, జబ్బు వున్నదీ లేనిదీ కంప్యూటరే చెప్పేస్తుందని అందులో రాశారు.

"ఈ మిషను మన వూరికి ఎప్పుడొస్తుంది డాక్టరుగారూ? వచ్చాక చూపించుకుందామని ఆగాను" అన్నారు.

ఎన్నాళ్లుగా ఆగారని అడిగాను. రెండేళ్లుగానట! ఆ రోజు రావడానికి కారణం మాత్రం వేరే. నాలుగు రోజులుగా కుడి కంటి ముందు నల్లటి దారపు పోగుల వంటివి తేలుతున్నాయి. కంటి లోపల రక్తం చిమ్మిందన్న మాట. ఆ మధ్యాహ్నమే ఆయన్ని జిల్లా కేంద్రంలోని కంటి డాక్టరు దగ్గరకు పంపించాను.

మాస్టారు చదివిన వార్త అబద్ధం కాదు. కానీ ఆ వార్త ఆయనకు చెప్పవలసిన సగం చెప్పి, మిగతా సగం చెప్పలేదు. ఆ సగం మీ అందరికీ అవసరమే కనుక ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ముందు కంటి సంగతి. కంటి లోపల, వెనుక గోడకు అంటుకుని ఒక పల్చని పొర వుంటుంది. దాన్నే రెటీనా అంటారు. పాత కెమేరాలో ఫిల్ము చేసే పని ఇది చేస్తుంది. వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఎన్నో దీనికి ఆహారం అందిస్తుంటాయి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా వుంటే ఈ నాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడ బుడిపెల్లా వుబ్బుతాయి. వాటిలోంచి రక్తం, నీరు, కొవ్వు కొద్ది కొద్దిగా కారుతుంటాయి. కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. ఆహారం అందని రెటీనా కొత్త నాళాలను పుట్టించుకుంటుంది. పాపం, అది మంచికే చేసుకున్న ఏర్పాటు. కానీ ఈ కొత్త నాళాలు బొత్తిగా నాసిరకం. తుమ్మినా దగ్గినా చిట్లేటంత పల్చనివి. మాస్టారి కంట్లో చిట్లింది అటువంటిదే.

ఇందులో మోసమేమిటంటే, ఇంత జరుగుతున్నా చాలా కాలం చూపు నిక్షేపంగా వుంటుంది. రెటీనా నడిమధ్య భాగానికి నీరు చేరేవరకో, రక్తం చిమ్మేవరకో మనిషికి ఏమీ తెలియదు. నొప్పి వుండదు, ఎరుపు వుండదు. "నాకు పేపరు బాగానే కనిపిస్తోంది కదండీ" అని ఎంతమంది నాతో అన్నారో లెక్క లేదు. కళ్లజోళ్ల షాపులో అక్షరాల అట్ట చదివించి అద్దాలు మార్చి ఇచ్చినంత మాత్రాన కన్ను పరీక్ష అయినట్టు కాదు. వాళ్లు చూసింది అద్దం నంబరు. రెటీనాను ఎవరూ చూడలేదు.

ఇక లెక్కలు. మన దేశంలో చక్కెర వ్యాధి వున్నవారు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో తేల్చింది. నలభై దాటిన చక్కెర రోగుల్లో నూటికి సుమారు 12 మందికి రెటీనా దెబ్బ తిన్నదని, నూటికి 4 గురికి చూపు పోయే ప్రమాదం వున్నదని 2022లో వెలువడిన మరో దేశవ్యాప్త పరిశీలన చెప్పింది. నూటికి నాలుగంటే తక్కువే కదా అనుకోవద్దు. కోట్ల మందిలో నూటికి నాలుగంటే ఎంతో తెలియడానికి లెక్కల మాస్టారు అక్కరలేదు. ఇంతమంది కళ్లు ఏటేటా చూడడానికి కంటి డాక్టర్లు చాలరు. అందుకే శాస్త్రజ్ఞులు కంప్యూటరు వైపు చూశారు.

కంప్యూటరుకు ఈ విద్య ఎలా వస్తుంది? బుడిపె ఇలా వుంటుంది, రక్తపు చుక్క అలా వుంటుందని ఎవరూ దానికి సూత్రాలు రాసి ఇవ్వలేదు. డాక్టర్లు ముందే చూసి జబ్బు ఎంతవరకు ముదిరిందో గుర్తించిన ఫోటోలను గుట్టలుగా దాని ముందు పోశారు. తప్పు చెప్పినప్పుడల్లా తన లెక్కను తనే కాస్త సవరించుకుంటూ పోయింది. అమెరికాలో గూగుల్ సంస్థ పరిశోధకులు 2016 డిసెంబరులో ప్రకటించిన ఫలితాల కోసం ఇలా 1,28,175 ఫోటోలు వాడారు. వాటిని పరిశీలించి గుర్తులు పెట్టినవారు 54 మంది కంటి డాక్టర్లు. ఒక్కో ఫోటోను కనీసం ముగ్గురు, ఒక్కోసారి ఏడుగురు కూడా చూశారు. ఆ ఫోటోల్లో మన దేశపు కంటి ఆస్పత్రుల నుంచి వెళ్లినవి కూడా వున్నాయి. ఆ తర్వాత కొత్త ఫోటోలతో పరీక్ష పెట్టారు. ఒక్క రోగినీ వదలకూడదన్నట్టు యంత్రాన్ని సర్దినప్పుడు, జబ్బు వున్న నూరు ఫోటోల్లో 97 పట్టుకుంది.

అచ్చులో వచ్చిన లెక్కలు ఆస్పత్రి వరండాలో నిలబడతాయా అన్నది నా వంటి వాడికి ఎప్పుడూ వుండే అనుమానం. మధురలోని అరవింద్ కంటి ఆస్పత్రిలోను, మద్రాసులోని శంకర నేత్రాలయలోను 3,049 మంది రోగుల మీద దాన్ని పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించారు. అక్కడ నూటికి 89 నుంచి 92 వరకు సరిగా పట్టుకుంది. అవే ఫోటోలు చూసిన మనుషుల్లో కొందరు 73 దగ్గరే ఆగిపోయారు. మా వృత్తి వాళ్ల గర్వానికి ఇది మంచి మందు! అంతకు ముందే, 2018 ఏప్రిల్‌లో, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఒక యంత్రానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 900 మంది మీద చేసిన పరీక్షలో అది నూటికి 87 మందిని పట్టుకుంది. అంటే జబ్బు వున్న నూరు మందిలో 13 మందికి "మీకేం లేదు" అని చెప్పి పంపిందన్న మాట. ఈ రెండో సంఖ్యను కూడా గుర్తుంచుకోండి.

ఇక పేపరు ముక్కలో లేని సగం. థాయ్‌లాండులో పతుంతని, చియాంగ్ మై ప్రాంతాల్లోని 11 చిన్న ఆస్పత్రుల్లో ఇటువంటి ఏర్పాటు ఎలా నడుస్తున్నదో కొందరు పరిశోధకులు వెళ్లి కూర్చుని చూశారు. ఆ వివరాలు 2020లో వచ్చాయి. అంతకు ముందు కంటి డాక్టరు జవాబు రావడానికి వారాలు పట్టేది. యంత్రం నిమిషాల్లో చెప్పింది. బాగానే వుంది. అయితే తీసిన 1,838 ఫోటోల్లో నూటికి 21 చదవడానికి పనికిరావని యంత్రం తిప్పికొట్టింది. ఆ గదుల్లో చాలావాటికి చీకటి చేసుకునే వీలు లేదు. వెలుతురులో కనుపాప చిన్నదైపోయి ఫోటో మసకగా వచ్చింది. కొన్నిచోట్ల ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. బయట బెంచీల మీద జనం, లోపల ఒక్క నర్సు. ఫోటో పనికిరాకపోతే పెద్దాస్పత్రికి వెళ్లవలసి వస్తుందంటే, అంత దూరం ఎవరు పోతారని కొందరు మొదట్లోనే వెనక్కి తగ్గారు. ఆ వివరాలు చదువుతుంటే నాకు మన ఆస్పత్రులే కళ్ల ముందు కనిపించాయి.

మరొక మాట. ఈ యంత్రం చూసేది చక్కెర వల్ల రెటీనాకు వచ్చే జబ్బును. కంట్లో నీటి ఒత్తిడి పెరిగే గ్లాకోమా వున్నదా లేదా అని దాన్ని అడగలేదు కనుక అది చెప్పదు. "కంప్యూటరు బాగుందన్నది" అంటే కన్నంతా బాగుందని కాదు.

మరి మీరేం చేయాలి? యంత్రం కోసం ఆగవద్దు. పెద్ద వయస్సులో వచ్చే చక్కెర వ్యాధి అయితే, అది బయటపడిన నాడే కంటి పరీక్ష చేయించుకోవాలి. ఎందుకంటే అది మీకు తెలియకుండా ఎన్నేళ్ల నుంచి వున్నదో ఎవరికీ తెలియదు. తర్వాత ఏడాదికొకసారి. చిన్నతనంలోనే వచ్చి ఇన్సులిన్ మీద వున్నవారు అయిదేళ్లయ్యాక మొదలుపెట్టి, ఏటా చూపించుకోవాలి. చక్కెర వ్యాధి వున్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. ఆ సమయంలో రెటీనా జబ్బు తొందరగా ముదరవచ్చు. డాక్టరు కంట్లో చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి చూస్తారు. కొన్ని గంటలు దగ్గరివి మసకగా, ఎండ భరించరానిదిగా వుంటుంది. కాబట్టి స్కూటరు మీద వెళ్లకండి. ఇంట్లోవాళ్లను ఎవరినైనా తోడు తీసుకువెళ్లండి.

జబ్బు వున్నదని తేలితే బెంబేలు పడనక్కరలేదు. వేళకు లేజరు చేస్తే చూపు బాగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1976 నాటికే అమెరికాలో రుజువైంది. ఇప్పుడు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా వున్నాయి. అయితే పోయిన చూపును తిరిగి తేవడం కన్నా వున్నదాన్ని నిలపడమే వీటికి సులువు. చక్కెర అదుపు సంగతి చెప్పనే అక్కరలేదు. బ్రిటనులో జరిగి 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశీలనలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి చిన్న రక్తనాళాల చిక్కులు నాలుగో వంతు తగ్గాయి. రక్తపోటు అదుపు చేసినా అంతే మేలు, బహుశా ఇంకా ఎక్కువ.

మాస్టారి ఎడమ కంటికి లేజరు అయింది. కుడి కంట్లో రక్తం మెల్లగా విరుగుతున్నది, ఇంకా మూడు నెలలు చూడాలన్నారు. క్రిందటి వారం ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడకూ ఏడేళ్లుగా చక్కెర వ్యాధి వున్నది. ఆయన చెప్పేదాకా ఆవిడను కంటి పరీక్షకు తీసుకువెళ్లాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. "ఆవిడ ఎప్పుడూ కళ్లు బాగా లేవని అనలేదండీ" అన్నారు మాస్టారు. కంటి విభాగంలో ఆవిడకు ఫోటో తీస్తే మసకగా వచ్చింది. శుక్లాలు ముదిరి వున్నాయి. ఏ కంప్యూటరైనా దాన్ని తిప్పికొట్టేదే. చుక్కలు వేసి డాక్టరుగారు స్వయంగా చూడడానికి వచ్చే మంగళవారం రమ్మన్నారు. ఈసారి మాస్టారు తోడు వెళుతున్నారు.