గట్టుమీది కానిస్టేబులు

హైదరాబాదు హుస్సేన్ సాగరము ఒడ్డున పోలీసు ఠాణా యొకటి కలదు. బ్రతుకు విసిగి గట్టుమీదికి వచ్చినవారిని గుర్తించి, మాటలలో పెట్టి, ఇంటివారికి అప్పగించుట అచ్చటివారి పనులలో ముఖ్యమైనది. కాపాడబడినవారి సంఖ్య పత్రికలలో అప్పుడప్పుడు కనిపించును. చేయి అందనినాడు ఆ కానిస్టేబులు ఇల్లు చేరి అన్నము ముందు ఎట్లు కూర్చొనునో వ్రాసినవారు అరుదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలలో 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్నవారు 1,70,924 మంది. అందు విద్యార్థులే 13,044. లెక్క అంతటితో ఆగును. మొదట అచ్చటికి చేరిన 108 వాహన సిబ్బంది, పోలీసులు, ఊరి ఈతగాడు ఏ పట్టికలోను లేరు. శవమును మోసినవాడే తల్లికి కబురు చెప్పవలెను. గంట తిరుగకముందే మరియొక పిలుపునకు పరుగెత్తవలెను. "వారికి అలవాటే" యనుట లోకమునకు సులభము. ఆ అలవాటు చాలమారులు నిద్రలేమిపైని, చిరాకుపైని, ఒక్కొక్కప్పుడు మద్యముపైని కప్పిన దుప్పటి. కొంత విరామము, మనసు విప్పి చెప్పుకొనుటకొక మనిషి వారికి దయగా కాదు, హక్కుగా లభింపవలెను.

చట్టము కొంత మెత్తబడినది. ఆత్మహత్యా యత్నమును నేరమనిన పాత సెక్షను 2024 జూలైలో అమలులోనికి వచ్చిన న్యాయ సంహితలో లేదు. కాపాడిన చేతితోనే కేసు వ్రాయవలసిన దుస్థితి పోలీసులకు తప్పినది.

అయినను గట్టువద్ద ఆపుట కడపటి పని. అంతకుముందు ఎన్ని గడపలు దాటి వచ్చియుండును! 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితముల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో పొరపాట్లున్నట్లు విచారణ సంఘమే తేల్చినది. మార్కులను దిద్దవచ్చును.

అందరికంటె ముందు చేరగలవాడు ఉపాధ్యాయుడు. వెనుక బల్లకు జరిగి మాట మానిన పిల్లవానిని "చనిపోవలెనని అనిపించుచున్నదా?" యని అడుగుటకు ఆయన జంకును, అడిగినచో లేని ఆలోచన నాటుకొనునేమో యని భయము. అట్లు జరుగదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినవానితోనే పిల్లవాడు చెప్పుకొనును. విన్నపిమ్మట ఉపన్యాసము వలదు. వానిని ఒంటరిగా విడువక ఇంటివారిని, వైద్యుని పిలువవలెను. స్నేహితుని నోట అట్టి మాట విన్న విద్యార్థి దానిని పెద్దలకు చెప్పుట చాడీ కాదు.

టెలీ మానస్ 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను తెలుగులో మాటలాడవచ్చును. అది కానిస్టేబులుకును వర్తించును. ఠాణాలో అతనికి ఆ సంగతి ఎవరైన చెప్పియుందురా?